ఆరు యూనిట్ల అటక

ఇంట్లో ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండే ప్రాణులెన్నో మీరెప్పుడైనా లెక్కపెట్టేరా? మనుషుల సంగతి కాదు నేనడిగేది. మనుషులు పదింటికల్లా గురకలు పెట్టేస్తారు. కరెంటు తాగే ప్రాణుల గురించి అడుగుతున్నాను. ఫ్రిజ్జు ఒకటి. గోడకి వేలాడే ఇంటర్నెట్టు రౌటరు ఒకటి. టీవీ ఆపేశామనే అనుకుంటాం గాని దాని ఎర్రకన్ను మాత్రం మూతపడదు. ముప్ఫయ్యేళ్ళు కరెంటాఫీసులో బిల్లులు వేసి రిటైరైనవాణ్ణి గనక ఈ లెక్కలు నన్ను వదలవు. నిద్ర పట్టనివాళ్ళు చుక్కలు లెక్కపెడతారట. నేను యూనిట్లు లెక్కపెడతాను.

అలాంటివాణ్ణి కోరి కోరి మరో నిద్రలేని ప్రాణిని ఇంటికి తెచ్చుకున్నానంటే దానికి గట్టి కారణం ఉండాలి గదా! ఉంది. ఆ కారణం మా అత్తయ్యగారు.

మా మావగారు 1984లో కువైట్ వెళ్ళేరు, డ్రైవరు పనికి. కోనసీమ నుంచి ఆ రోజుల్లో గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు కొల్లలు. ఇంట్లో ఆడవాళ్ళు కొబ్బరిచెట్లనీ పిల్లలనీ చూసుకుంటూ పోస్టుమాను కోసం కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవారు. అత్తయ్యగారు బడికి వెళ్ళి ఎరగరు. ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివిపెట్టాలి. మొగుడు రాసిన మాటలు పక్కింటాయన నోటంట వినాలి. ఇక జవాబో? అది కూడా పక్కింటాయన చేతనే రాయించాలి. మధ్యన ముక్కూ మొహం తెలిసిన మూడో మనిషి కూర్చున్నాక భార్యాభర్తలు ఏం మాట్లాడుకుంటారు చెప్పండి? "ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను" అనేదానికి మించి కలం కదలదు.

అదిగో, అప్పుడు కేసెట్టు వచ్చి వాళ్ళని ఆదుకుంది. ఫిలిప్స్ కంపెనీవారు 1963లో ఈ కేసెట్టుని లోకానికి చూపించినప్పుడు, ఇరవయ్యేళ్ళ తరవాత ఓ కోనసీమ ఇల్లాలికి ఇది ఉత్తరం అవుతుందని కలగని ఉండరు. మావగారు ఒక వైపు మాట్లాడి, సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఈవిడ అది విని, రెండో వైపు తన మాట చెప్పి, తిరిగి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. ఆయన అది విని, మొదటి వైపు తాను చెప్పిందాని మీదే మళ్ళీ కొత్త మాటలు చెప్పేవారు. అంటే కొత్త మాట చెప్పాలంటే పాత మాట చెరగాల్సిందే. పలకా బలపం వ్యవహారమన్నమాట.

అలా చూస్తే చివరికి ఒకటో రెండో మిగలాలి. కాని ఇవాళ మా ఇంట్లో 23 కేసెట్లున్నాయి. కారణం చెబితే మీరు నవ్వుతారు. అత్తయ్యగారు కొన్నిటిని తిరిగి పంపకుండా బియ్యం డబ్బాలో దాచేసి, "అది పాడైపోయిందండి, ఇంకోటి కొనండి" అని చెప్పించేవారట. అలా దాచినవి 14. "మీ ఊరి గాలి ఎలాంటిదే, పంపిన కేసెట్టల్లా పాడైపోతోంది!" అని ఆయన విసుక్కునేవారట.

ఆయన మాత్రం తక్కువ తిన్నారా! 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో జొరబడింది. అక్కడున్న మనవాళ్ళు ఉన్నదున్నట్టు వదిలేసి, ఎడారిదారిన జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి విమానాలెక్కేరు. 1,70,000 మందికి పైగా మనవాళ్ళని ఎయిరిండియా విమానాలు ఆ రెండు మూడు నెలల్లో చేరవేశాయి. వాళ్ళలో మా మావగారొకరు. కొన్న టీవీ, టూ ఇన్ వన్, కంబళ్ళు అన్నీ గదిలోనే వదిలేసి, ఒక్క చేతిసంచీతో ఇంటికొచ్చేరు. ఆ సంచీలో రెండు జతల బట్టలూ, 9 కేసెట్లూ ఉన్నాయి. అన్నీ ఈవిడ మాట్లాడినవే. "దారిలో పోయింది" అని ఆయన ఇన్నాళ్ళూ చెప్పుకొచ్చిన కేసెట్లవి.

అత్తయ్యగారు బియ్యం డబ్బా బోర్లించేరు. ఆయన సంచీ బోర్లించేరు. ఆ పూట ఇంట్లో ఎవరు ఎవర్ని దొంగ అన్నారో మా ఆవిడకి ఇప్పటికీ గుర్తే.

మావగారు పోయింది 2009లో. అత్తయ్యగారు అప్పటినుంచీ మా దగ్గరే, కాకినాడలో ఉంటున్నారు. ఆవిడతోపాటు ఓ రేకుపెట్టె వచ్చింది. అందులోనే ఆ 23 కేసెట్లూ. టేపురికార్డరు ఉన్నన్నాళ్ళు ఎప్పుడైనా ఓటి పెట్టుకుని వినేవారు. అది మూలపడ్డాక రేకుపెట్టె అటకెక్కింది. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. పండక్కి అటక దులిపినప్పుడల్లా మాత్రం "ఆ పెట్టె జాగ్రత్తండి అల్లుడుగారూ" అనేవారు.

పెట్టె జాగ్రత్తగా ఉంటే సరిపోదు. కేసెట్టులోని టేపు ప్లాస్టిక్కు పట్టీ. దానికి ఇనప తుప్పు లాంటి పొడి పూసి ఉంటుంది. మన మాట ఆ పొడిలో అయస్కాంతపు గుర్తులుగా దాగుంటుంది. ఉక్కకీ తేమకీ ఆ పూత సడలిపోతుంది. టేపుని హెడ్డుకేసి అదిమిపెట్టే ఉన్నిముక్క జిగురూడి రాలిపోతుంది. గల్ఫ్ ఎండ ఒకవైపు, గోదావరి చెమ్మ ఒకవైపు తిన్న కేసెట్లాయె! అటక మీద పెట్టి తాళం వేయడాన్ని దాచుకోవడం అనరు, నెమ్మదిగా పారేసుకోవడం అంటారు.

అంచేత ఓ పాత డెక్కు బాగుచేయించేను. హెడ్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడిచేను. మరలున్న కొత్త కేసెట్టు డొల్లలు కొని, ఉన్నిముక్క ఊడినవాటిలోని టేపుచుట్టలు వీటిలోకి మార్చేను. వదులైన టేపుని పెన్సిలు దూర్చి బిగించేను. డెక్కు చెవిలోంచి తీగ లాగి, చిన్న యూఎస్‌బీ డబ్బా ద్వారా కంప్యూటరుకి కలిపేను. ఇక్కడ దొడ్డిదారి లేదు. గంట కేసెట్టు కంప్యూటరులోకి ఎక్కడానికి గంటా పడుతుంది.

మొదటి కేసెట్టు పెట్టేను. "ఏవేఁ, వింటన్నావా?" అన్నారు మావగారు. పదిహేనేళ్ళ తరవాత ఆయన గొంతు! అటుపైన రెండు నిమిషాలు విని, చప్పుడు కట్టేసేను. కొన్ని మాటలు అల్లుడు వినవలసినవి కావు. తక్కినవన్నీ నేను చెవులతో వినలేదు, కళ్ళతో చూసేను. కంప్యూటరు తెర మీద గొంతు అలలు అలలుగా పోతుంది. గట్టిగా మాట్లాడితే పెద్ద అల, నెమ్మదిగా అంటే చిన్న అల. మధ్యలో ఒక్కోచోట చాలాసేపు గీత తిన్నగా సాగేది. మాట దొరకని చోటు అన్నమాట. మళ్ళీ చిన్న అల.

ఇక ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? "మేఘంలో పెట్టేద్దాం నాన్నా, నెలకింతని కడితే వాళ్ళే చూసుకుంటారు" అన్నాడు హైదరాబాదు నుంచి మావాడు. క్లౌడ్ అంటే నాకు కోపం లేదు. మనవరాలి ఫోటోలు అందులోనే ఉన్నాయి. కాని అద్దె కట్టడం మానిన్నాడు సామాను వీధిలో ఉంటుంది. పైగా నేను కూడా చెవి కట్టేసుకున్న మాటల్ని ఎవరి ఊళ్ళోనో ఎవరి యంత్రంలోనో పెట్టడానికి నాకు మనసొప్పలేదు. మొగుడూ పెళ్ళాల మాట ఇంట్లోనే ఉండాలి.

"అయితే నా పాత కంప్యూటరు ఉంది గదా, అదే రాత్రింబవళ్ళు వేసి ఉంచండి" అన్నాడు. ఇక్కడ నాలోని బిల్లు గుమాస్తా లేచి కూర్చున్నాడు. ఆ పాత పెట్టె ఊరికే ఉన్నా 80 వాట్లు తాగుతుంది. రోజుకి 24 గంటల చొప్పున నెలకి సుమారు 58 యూనిట్లు. అత్తయ్యగారు రోజుకి అరగంట వినడానికి 58 యూనిట్లా! ఆవిడకి ఈ లెక్క తెలిస్తే వినడమే మానేస్తారు.

అందుకు దొరికిన ఉపాయమే రాస్‌ప్‌బెర్రీ పై. పిల్లలకి కంప్యూటరు విద్య చవగ్గా నేర్పాలని ఇంగ్లండులో ఓ ధర్మసంస్థ 2012లో ఈ బుల్లి కంప్యూటరుని బయటికి తెచ్చింది. పేకముక్కంత పలక. నేను కొన్నది 2019లో వచ్చిన నాలుగో రకం. అంతకు ముందువాటికి హార్డ్‌డిస్కు తగిలించే దారి ఇరుకు. దీనికి వేగంగా నడిచే యూఎస్‌బీ రంధ్రాలు రెండున్నాయి. ఇలాంటి పనికి ఇదే ముఖ్యం.

దీనికి తోడు జేబులో పట్టే హార్డ్‌డిస్కులు రెండు, ఒక్కోటి 2 టెరాబైట్లు. పెద్దరకం డిస్కులకి విడిగా 12 వోల్టుల అడాప్టరు కావాలి. ఈ చిన్నరకం యూఎస్‌బీ తీగలోంచే కరెంటు లాగేస్తాయి. ఐతే ఓ మెలిక ఉంది. ఆ పలక తన రంధ్రాలన్నిటికీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. డిస్కు నిద్రలేచి తిరగడం మొదలెట్టే క్షణాన ఒక్కోటే దాదాపు ఒక ఆంపియరు అడుగుతుంది. కవలపిల్లలిద్దరూ ఒకేసారి పాలకి లేస్తే ఒక్క తల్లి ఏం చేస్తుంది? అందుకని మధ్యలో సొంత అడాప్టరున్న హబ్బు పెట్టేను. డిస్కులకి పాలు అది పడుతుంది, పలక కబుర్లు చెబుతుంది.

కవలలతో ఇంకో చిక్కుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరు ముందు లేస్తే వాళ్ళే పెద్దవాడినంటారు. యంత్రం దీన్ని దానిగా, దాన్ని దీనిగా పొరబడవచ్చు. ఫార్మాట్ చేసినప్పుడు ప్రతి డిస్కుకీ ఓ పొడుగాటి గుర్తింపు నంబరు పడుతుంది. లేచిన వరసని బట్టి కాకుండా ఆ నంబరుతోనే పిలవమని యంత్రానికి చెప్పి ఉంచాలి. మా ఊరి కరెంటు సంగతి నాకంటే ఎవరికి తెలుసు గనక? రౌటరుకీ దీనికీ కలిపి చిన్న బ్యాటరీ పెట్టె కూడా పెట్టేను.

ఇక పుస్తకాల బీరువాకి లైబ్రేరియను కావాలి గదా. 2018లో మొదలైన జెల్లీఫిన్ అనే ఉచిత ప్రోగ్రాము ఆ ఉద్యోగం చేస్తోంది. డిస్కులో ఉన్న పాటలూ మాటలూ పెళ్ళివీడియోలూ అన్నిటినీ వరసలో పేర్చి టీవీ తెర మీద చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త చాలు. టీవీకి అర్థమయ్యే పద్ధతిలోనే ఫైళ్ళుండాలి. లేకపోతే యంత్రం అప్పటికప్పుడు అనువాదం చేస్తూ కూర్చోవాలి. పేకముక్కంత పలకకి అంత శక్తి ఎక్కడిది? మా పెళ్ళి వీడియోని ముందే టీవీకి నచ్చే పద్ధతిలోకి మార్చి పెట్టేను. ఇప్పుడు పలక చేసేదల్లా అందించడమే. వంట ముందే అయిపోయింది, వడ్డనే మిగిలింది.

ఇరవై నిమిషాలు ఎవరూ ఏమీ అడక్కపోతే డిస్కులు నిద్రపోయేలా ఏర్పాటు చేసేను. మీటరు పెట్టి కొలిచేను. అన్నీ నిద్రలో ఉంటే 5 వాట్లు, ఒక డిస్కు తిరుగుతుంటే 8 వాట్లు. పగలూ రాత్రీ ఎనిమిదే అనుకున్నా నెలకి ఆరు యూనిట్లు దాటదు. దేవుడి గదిలో చిన్న బల్బు వెలిగించి ఉంచినంత.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. తెర మీద వరస అక్షరాల్లో ఉంటుంది. అత్తయ్యగారికి అక్షరాలు రావు. మళ్ళీ ఎవరో ఒకరు చదివిపెట్టాలి! నలభయ్యేళ్ళ క్రితం పక్కింటాయన కూర్చున్న చోట ఇప్పుడు నేను కూర్చోవాలా?

ఈ లైబ్రేరియనుకి ఓ సుగుణం ఉంది. ప్రతిదానికీ మనకి నచ్చిన బొమ్మ అట్టగా వేసుకోవచ్చు. మా ఆవిడ చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, ఒక్కో కేసెట్టులో మొదటి నిమిషం మాత్రం విని, తల్లికి చెప్పింది. ఆవిడకి తక్కినదంతా గుర్తొచ్చేసింది. "ఇది ఒంటెల గురించి చెప్పినదమ్మా. ఒంటె బొమ్మ వెయ్యి. ఇది నాకు జొరమొచ్చిందని తెలిసి పంపినది, తులసికోట వెయ్యి. ఇది ఆవకాయ పంపమన్నది." జాడీ బొమ్మ వేసేం. ఆవిడ మాట్లాడిన తొమ్మిదింటికి తొమ్మిది రంగుల చీరలు. ఒక్కదానికి మాత్రం "దానికేం బొమ్మొద్దు" అన్నారు. 1990 జూలైలో వచ్చిన ఆఖరి కేసెట్టది. దసరాకి వస్తానని అందులో చెప్పేరట. యుద్ధం వచ్చిపడ్డా దసరా లోపే వచ్చేరు. దాన్ని నల్లగానే ఉంచేం. ఆవిడ దాన్నే ముందు గుర్తుపడతారు.

టీవీ పెట్టగానే ఇంట్లో అందరి బొమ్మలూ వస్తాయి. ఆవిడ బొమ్మ నొక్కితేనే ఆ 23 కనబడతాయి. మా బొమ్మలు నొక్కితే పాటలూ సినిమాలూ పెళ్ళివీడియోలే. ఆవిడ బొమ్మకి తాళం పెట్టలేదు. మర్యాదే తాళం.

చిన్నదాన్ని చూసి తక్కువ అంచనా వెయ్యకండి. ఐబీఎం వారు 1956లో తెచ్చిన మొట్టమొదటి డిస్కు యంత్రంలో 24 అంగుళాల పళ్ళేలు యాభై ఉండేవి. అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు. మావగారి కేసెట్టు దానికెక్కించి ఉంటే ఆయన గొంతు సవరించుకుని "ఏవేఁ" అని రెండు మాటలనేలోగా నిండిపోయేది. మా జేబు డిస్కులో, గంట కేసెట్టుకి 600 మెగాబైట్ల చొప్పున, 3,300 కేసెట్లు పడతాయి. ఈ మాట సంబరంగా చెప్పేను అత్తయ్యగారికి.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అప్పుడీ పెట్టె ఉంటే ఏవీ చెరిపేవోళ్ళం కాదు గదండీ" అన్నారు.

దానికి నా దగ్గర జవాబు లేదు. చోటు ఎంతైనా కొనుక్కోవచ్చు, చెరిగిపోయిన ఆరేళ్ళ మాటలు మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు. నా చేతిలో ఉన్నదల్లా ఉన్నవాటిని నిలపడం. డిస్కు కూడా యంత్రమే, ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. అందుకే రెండో డిస్కు. వారానికోసారి మొదటిదాంట్లోది దాంట్లోకి నకలవుతుంది. మూడో నకలు హైదరాబాదులో మావాడి బీరువాలో, కవరులో పెట్టి తాళం వేసి. సంక్రాంతికి వాడొచ్చినప్పుడు కొత్తది పట్టుకెళ్ళి పాతది ఇచ్చి పోతాడు. ఇల్లు మునిగినా, పిడుగు పడినా ఇంకో ఊళ్ళో ఒకటుంటుంది.

ఇదేమీ కొత్త విద్య కాదు. మన తాటాకు పుస్తకాలు గట్టిగా ఉండి నిలిచేయా? ఆకు చెదలు తినేలోగా ఇంకో ఆకు మీదికి ఎవరో ఒకరు ఎత్తిరాశారు గనక నిలిచేయి. సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులకి జీతాలిచ్చి చేయించిన పని అదే, ఊరూరి ప్రతులు తెప్పించి నకళ్ళు రాయించడం. 1829లో ఆయన వేమన పద్యాలు అచ్చువేయించేడు. ఎత్తిరాసే చెయ్యి ఆగినచోట పుస్తకం ఆగిపోయింది. మా ఇంట ఎత్తిరాసే చెయ్యి ప్రస్తుతం నాది. తరవాత మావాడిది కావాలి. ఈ సంగతి వాడికి చెప్పేను, ఎలా చెయ్యాలో కాగితం మీద రాసి డిస్కు కవర్లో పెట్టేను.

మీ అటక మీదా ఏదో రేకుపెట్టె ఉండే ఉంటుంది. వీలున్నప్పుడు దించి చూడండి. టేపు కన్నా ముందు, అందులో గొంతులెవరివో చెప్పగలిగినవాళ్ళు వెళ్ళిపోతారు.

రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక ఒక్కోసారి డిస్కు నిద్రలేచిన సన్నటి రొద వినిపిస్తుంది. హాల్లోంచి "ఏవేఁ, వింటన్నావా?" అని మావగారి గొంతు. "ఆఁ, వింటన్నానండి" అని అత్తయ్యగారి గొంతు. అది టేపులోది కాదు. నేను దుప్పటి ముసుగు పెట్టేసుకుంటాను.

పొద్దున్నే కాఫీ ఇస్తూ ఆవిడ అడిగేది ఒక్కటే. అలవాటు చొప్పున అడుగుతారు.

"రాత్రి విన్నానండి. విన్నాక చెరిగిపోదు గదా?"

"చెరగదండి. మూడు చోట్ల ఉంది."